ఆటకి అడ్డం పడిందెవరు?

చీపురుపల్లిలో ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపి, ఇప్పుడు అదే గదిలో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులతో నెట్టుకొస్తున్న ఆయనకి ఒక సంగతి బాగా తెలుసు. పెద్దవాళ్ళ పని ఆగితే రేపు వస్తామంటారు. పిల్లల ఆట ఆగితే మాత్రం ఆ నిమిషమే బాగుచెయ్యాలి!

2004లో విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్-2 వచ్చాక మొదలైంది గొడవ. ఆటల సైటు తెరిస్తే బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి. పైన అడ్రసు కింద పసుప్పచ్చ పట్టీ. 'ఈ సైటు ఏదో ఇన్‌స్టాల్ చేస్తానంటోంది, నేనే ఆపాను' అని ఎక్స్‌ప్లోరర్ చెబుతున్న మాట అది. దాన్నెవరు చదువుతారు? సెంటర్లో కుర్రాడికి ఒకటే మంత్రం తెలుసు. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి సెక్యూరిటీ మీటని 'లో'కి దించెయ్యడమే. ఆట వచ్చేది. అడగనివీ వచ్చేవి. నెల తిరక్కుండా హోమ్ పేజీ మారిపోయి, ఏది నొక్కినా పిల్లలు చూడకూడని ప్రకటనలు! మూడు సిస్టమ్‌లు ఫార్మాట్ చేయించాక గానీ, ఆ ఒక్క సైటునే 'ట్రస్టెడ్ సైట్స్'లో చేరిస్తే సరిపోతుందని తెలియలేదు. తెలిసిన చుట్టానికి గొళ్ళెం తియ్యడం వేరు, ఊరందరికీ తలుపులు బార్లా తెరవడం వేరు కదా.

ఆ ఆటల్లో చాలావాటిని ఇప్పుడు ఏ సెట్టింగూ బతికించలేదు. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కి సెలవు చెప్పేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఆటల్ని అడ్డుకుంది. కాబట్టి 'ఫ్లాష్ అప్‌డేట్ చెయ్యండి' అని ఇప్పుడెవరైనా పిలిస్తే అది వలే. ఇక రమ్మీ సైటు రావట్లేదంటూ వచ్చే పెద్దమనుషులూ ఉన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని రాష్ట్రం 2020లో నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. 'అందులో నేను చెయ్యి పెట్టను బాబూ' అని ఆయన జిరాక్సు వైపు తిరిగిపోతాడు.

ఈమధ్య గరివిడి నుంచి ఆయన చెల్లెలు కొడుకునీ సీపీయూనీ ఆటోలో ఎక్కించుకొచ్చింది. "ఏటైందో సూడన్నయ్యా, గుంటడు కూడు తినడం నేదు."

పిల్లాడికి ఆదివారం ఆదివారం కువైట్‌లో ఉన్న నాన్నతో చదరంగం. ఆ అరగంటే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నట్టు. రెండు వారాలుగా 'మీ కనెక్షన్ ప్రైవేటు కాదు' అంటూ సైటు తెరుచుకోవడం లేదు. స్నేహితుడి మాట విని యాంటీవైరస్ ఆపేశాడు, సేఫ్ బ్రౌజింగ్ తీసేశాడు. పెన్‌డ్రైవ్‌లో ఏదో 'సరిచేసే ఫైలు' కూడా తెచ్చుకున్నాడు, ఇంకా నొక్కలేదంతే. మావయ్యకి గుండె ఝల్లుమంది. కువైట్ నుంచి వచ్చే డబ్బుల బ్యాంకు లెక్కలన్నీ చెల్లెలు చూసుకునేది ఆ సిస్టమ్‌లోనే మరి.

ఆయన చూపు సెట్టింగుల మీదికి పోలేదు. కుడివైపు కింది మూలకి పోయింది. తేదీ 2015 జనవరి 1! సెలవులన్నాళ్ళూ కట్టిపెట్టిన సిస్టమ్... మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. ప్రతి సైటూ చూపించే సర్టిఫికెట్‌కి మొదలయ్యే తేదీ, గడువు తీరే తేదీ ఉంటాయి. గడియారం అన్నేళ్ళు వెనకుంటే బ్రౌజర్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు. అనుమానించక ఏం చేస్తుంది? తెర మీద చిన్న అక్షరాల్లో 'డేట్ ఇన్‌వ్యాలిడ్' అని రాసే ఉంది. పసుప్పచ్చ పట్టీ పోయినా చదవని అలవాటు పోలేదు!

కొత్త సీఆర్2032 వేశాడు. తేదీ దిద్దాడు. మేనల్లుడు తీసేసినవన్నీ మళ్ళీ పెట్టి, ఆ ఫైలు చెరిపేశాడు. చదరంగం బల్ల వచ్చింది. ఇంకెప్పుడైనా మొరాయిస్తే ముందు ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడమన్నాడు. అందులో ఆడితే అడ్డం పడేది ఏదో ఎక్స్‌టెన్షన్ కావచ్చు. లేదంటే అడ్రసుకి ఎడమవైపు గుర్తు నొక్కి, ఆ సైటు వరకే పాప్-అప్‌లు అనుమతించుకోవచ్చు.

పిల్లాడు వినడం లేదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. నాన్న డ్యూటీ దిగేసరికి ఇక్కడ ఎనిమిదిన్నర అవుతుంది. "ఎల్దామే అమ్మా" అని చీర కొంగు లాగుతున్నాడు.