ముక్కు దారిన మెదడుకు మందులు

“ముక్కులో ఇన్సులిన్ వేస్తే మతిమరుపు తగ్గుతుందని చదివాను. మా అమ్మగారికి రెండు చుక్కలు వేయమంటారా?” అని తాండూరు నుండి ఒక పాఠకుడు నన్ను అడిగారు. ఆ తల్లికి మధుమేహం ఉండటం వలన ఇన్సులిన్ సీసా ఇంట్లోనే ఉంది. వేయవద్దని వెంటనే చెప్పాను. కానీ ఆయన చదివినది కట్టుకథ కాదు. అందులో నిజమెంతో, ఆ నిజం మన ఇళ్ళ వరకు ఇంకా ఎందుకు రాలేదో మీరు కూడా తెలుసుకోవడం మంచిది.

మెదడులోని సూక్ష్మ రక్తనాళాల గోడలలో కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కొని ఉంటాయి. ప్రాణవాయువు, గ్లూకోజు వంటివి ఆ గోడను దాటగలవు. చాలా మందులు దాటలేవు. దీనినే రక్తానికీ మెదడుకూ మధ్య అవరోధం అంటాము. వికారాబాదు పక్కన అనంతగిరి కొండల మీద నిజాము కాలంలో వెలసిన క్షయ వైద్యశాలను ఈ ప్రాంతపు పెద్దలు ఎరుగుదురు. ఆ కాలంలోనే స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. ఊపిరితిత్తుల క్షయపై అది బాగా పనిచేసింది గాని, మెదడు పొరలకు క్షయ సోకినప్పుడు కండరానికి ఇచ్చిన సూదిమందు చాలినంతగా అక్కడికి చేరేది కాదు. అందువలన వైద్యులు నడుము దగ్గర వెన్నులో సూది గుచ్చి, మందును మళ్ళీ మళ్ళీ ఎక్కించవలసి వచ్చేది. పసిపిల్లలకు కూడా అదే గతి. 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక ఆ యాతన చాలావరకు తప్పింది. అది చిన్న అణువు. అవరోధాన్ని సులభంగా దాటుతుంది.

మాంసకృత్తులతో తయారయ్యే మందులు చిన్న అణువులు కావు. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఆల్జీమర్స్ వ్యాధికి ఇటీవల వచ్చిన ప్రతిరక్షకాలు దానికి పాతిక రెట్లకు పైగా పెద్దవి. వాటిని సిరలోనికి ఎక్కిస్తే మెదడుకు చేరేది వెయ్యిలో ఒక వంతు చొప్పున మాత్రమే. రక్తంలోని ఇన్సులిన్ కొద్దిగా మెదడుకు చేరుతుంది. కానీ అక్కడ దానిని పెంచాలని సూదిమందు మోతాదు పెంచితే, రక్తంలో చక్కెర పడిపోయి మనిషికే ప్రమాదం.

అందువలననే శాస్త్రజ్ఞుల చూపు ముక్కు మీద పడింది. ముక్కు పైకప్పులో జల్లెడ వంటి ఎముక ఉంది. వాసన తెలిపే నరాల పోగులు దాని రంధ్రాల గుండా నేరుగా మెదడులోనికి పోతాయి. ముఖపు స్పర్శను తెలిపే నరం కొమ్మలు కూడా ముక్కులో ఉన్నాయి. ఈ నరాల వెంబడి మందు అవరోధాన్ని తప్పించుకొని పోగలదని అమెరికాలో విలియం ఫ్రే 1980ల చివరిలో ప్రతిపాదించారు. 2002లో జర్మనీ పరిశోధకులు ఆరోగ్యవంతుల ముక్కులో ఇన్సులిన్ తదితరాలను వేసి, వెన్నులోని ద్రవాన్ని పరీక్షించారు. అరగంటలోనే అవి అక్కడ కనిపించాయి. (మన తాతలు పీల్చిన పొడుము సంగతి వేరు. పొడుములోని నికోటిన్ ముక్కు పొరల నుండి రక్తంలోనికి పోయి, రక్తం ద్వారా మెదడుకు చేరుతుంది.)

2012లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధనలో 104 మంది పాల్గొన్నారు. నాలుగు నెలలు ముక్కు ద్వారా ఇన్సులిన్ తీసుకున్న వారిలో కొంత మెరుగు కనిపించింది. లోకమంతా ఆశపడింది. తరువాత 289 మందితో పెద్ద పరిశోధన జరిపారు. దాని ఫలితాలు 2020లో వచ్చాయి. సంవత్సరం వాడినా, ముఖ్యమైన బృందంలో జ్ఞాపకశక్తికి ప్రయోజనం కనబడలేదు. మధ్యలో తుంపర పరికరాన్ని మార్చవలసి వచ్చింది. మొదటి పరికరం వాడిన 49 మందిలో మాత్రం మేలు జరిగిన సూచనలు కొన్ని ఉన్నాయి. నా దృష్టిలో ఇది కొట్టివేయదగిన వివరం కాదు. మందు ఎంత మంచిదైనా, అది ముక్కులో ఎక్కడ పడిందన్నదే ఇక్కడ ముఖ్యం.

ఎలుక ముక్కు లోపలి పొరలో సుమారు సగం వాసన పొరే. మనిషికి అది పైకప్పున కొద్ది చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అందువలన ఎలుకలో నెగ్గిన మందు మనిషిలో నెగ్గాలని లేదు. మామూలు తుంపర చాలావరకు ముక్కు ముందు భాగంలోనే పడుతుంది. పడిన దానిని సన్నని కేశికలు ఇరవై నిమిషాలలో గొంతులోనికి నెట్టివేస్తాయి. మింగిన ఇన్సులిన్ కడుపులో జీర్ణమైపోతుంది. నాపరాయి కోత దుమ్ములో ఏళ్ళ తరబడి పనిచేసిన తాండూరు కార్మికునికి ముక్కు పొరలు వాచి ఉంటే, ఆ ఇరుకు దారి ఇంకా మూసుకుపోతుంది. పైగా ఆల్జీమర్స్ వ్యాధిలో తొలినాళ్ళలోనే దెబ్బతినే వాటిలో వాసన పసిగట్టే శక్తి ఒకటి.

ఇంట్లోని ఇన్సులిన్‌ను సూదిమందుగా వాడటానికే తయారుచేశారు. ముక్కులో చుక్కలుగా వేయడానికి దాని మోతాదు గాని, అందులో కలిపిన నిలువ రసాయనాలు గాని ఉద్దేశించినవి కావు. దానికి బదులు, మతిమరుపు గల పెద్దలకు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. దిగులు వ్యాధి ఉన్నదేమో, వాడే మందులలో మత్తు కలిగించేవి ఉన్నాయేమో వైద్యునితో చూపించండి. ఇన్సులిన్ తీసుకునే వారిలో చక్కెర తరచు పడిపోతున్నా తికమక, మతిమరుపు కలుగుతాయి. వీటిలో చాలా వాటిని సరిదిద్దవచ్చును.

ముక్కు విషయంలో మరి రెండు జాగ్రత్తలు. పసిబిడ్డలకు నీళ్ళు పోసి ముక్కులో నూనె చుక్కలు వేయడం మన పల్లెలలో ఇంకా ఉంది. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి జారితే ఒక రకపు న్యుమోనియా వస్తుంది. జలనేతి చేసేవారు మరిగించి చల్లార్చిన నీటినే వాడాలి. మెదడును తినివేసే అమీబా లోపలికి పోయేది కూడా ఆ జల్లెడ ఎముక దారినే.

ముక్కు ద్వారా ఇచ్చి ఈరోజు మెదడుకు మేలు చేయగల మందు ఒకటి మన దుకాణాలలోనే ఉంది. అది మూర్ఛకు వాడే మిడజోలామ్ తుంపర. ఇది మాంసకృత్తి కాదు, చిన్న అణువు. ముక్కు నుండి రక్తంలోనికి, అక్కడి నుండి అవరోధం దాటి మెదడుకు నిమిషాలలో చేరుతుంది. తాండూరు నుండి హైదరాబాదు వంద కిలోమీటర్ల పైమాటే. ఐదు నిమిషాలు దాటిన మూర్ఛ అంతవరకు ఆగదు. ఇంట్లో మూర్ఛరోగి ఉంటే, ఈ తుంపర అవసరమో కాదో, బరువును బట్టి ఎన్ని మోతాదులో మీ వైద్యుని అడిగి వ్రాయించుకోండి. మూర్ఛ వచ్చినప్పుడు రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. చేతిలో తాళపుచెవులు పెట్టడం వలన ఏమీ ఒరగదు, నోటిలో ఏదీ పెట్టకూడదు. తుంపర కొట్టిన తరువాత మగత వస్తుంది, ఊపిరి మందగించవచ్చును కనుక 108కు ఫోను చేసి, శ్వాసను గమనిస్తూ ఉండాలి. బడికి పోయే పిల్లలైతే ఇంకొక సీసాను, వైద్యుని చీటీతో సహా, ప్రధానోపాధ్యాయుని వద్ద ఉంచండి. గడువు తేదీని నెలకొకసారి చూసుకోండి.