చాట ఎవరు పట్టించారు?

మా ఇంటి పిల్లలు ఇప్పుడు పుణెలో, హైదరాబాదులో ఉన్నారు. ఇద్దరు అమెరికాలో ఉన్నారు. సెలవులకు సోలాపూర్ వచ్చినప్పుడల్లా ఒకే మాట అడుగుతారు: "నానమ్మ అన్నేళ్లు బీడీలు ఎందుకు చుట్టింది? వద్దని చెప్పొచ్చు కదా?" అడగాల్సిన మాటే. కానీ జవాబు నానమ్మ ఒక్కదాని స్వభావంలో దొరకదు, మా నీలం నగర్ వీధుల్లో వెతకాలి.

మన పద్మశాలీలు నిజాం తెలంగాణ నుంచి ఇక్కడికి రావడం పాత సంగతే. 1876–78 కరువు, 1877లో సోలాపూర్‌లో పెట్టిన మొదటి బట్టల మిల్లు, వీటితో వలస ఇంకా పెరిగింది. మగ్గం ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆడవాళ్లు కండెలు చుట్టేవాళ్లు. ఆ పనికి విడిగా కూలి లేదు, అది ఇంటిపనిలో భాగం. మరమగ్గాలు వచ్చి మగవాళ్లు షెడ్లకు పోయాక ఇంట్లో ఆ పని పోయింది. ఆ జాగాలోకి బీడీల చాట వచ్చింది. తునికాకు నానబెట్టడం, అచ్చు పెట్టి కత్తిరించడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం. వెయ్యి బీడీలు చేస్తే ఒక రోజు గడిచినట్టు.

పిల్లలు చివరికి నానమ్మనే అడిగారు. ఆమె నవ్వి, "వద్దని ఎవరికి చెప్పాలె బిడ్డా? చుట్టుమన్నోళ్లు ఎవరున్నరు?" అంది.

ఫ్రాన్స్ దేశపు సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1895లో ఒక పుస్తకమంతా రాసి చెప్పింది దాదాపు ఇదే. కొన్ని పద్ధతులు మనం పుట్టకముందే బయట ఉంటాయి, మనల్ని నడిపిస్తాయి. వాటి ప్రకారం పోతున్నంతసేపు బలవంతం ఉన్నట్టే తెలియదు. ఎదురు తిరిగినప్పుడే తెలుస్తుంది.

మా మేనత్తకు అట్లాగే తెలిసింది. పదో తరగతి అయ్యాక చాట ముందు కూచోనంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పక్కింటివాళ్లు మాత్రం "పోరికి ఒంట్లో బాగలేదా?" అని అడిగారు. సంబంధం చూడవచ్చినవాళ్లు చదువు సంగతి ఎత్తలేదు. "కార్డు ఉందా?" అన్నారు. బీడీ కార్మికురాలి కార్డు ఉన్న కోడలంటే ప్రావిడెంట్ ఫండ్ ఉన్న కోడలు. అడిగినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లింట్లోనూ షెడ్డు జీతం నెలాఖరుకు సరిపోయేది కాదు.

అలవాటు ఆలోచనలో కంటే ఒంట్లో ఎక్కువ ఉంటుందని ఇంకో ఫ్రెంచి పండితుడు పియెర్ బోర్దియూ అన్నాడు. ఆయన 'హేబిటస్' అనే మాటకు అర్థం చెప్పాలంటే మేము నానమ్మ చేతులు చూపిస్తాం. టీవీ చూస్తూ, కోడలిని మందలిస్తూ, మనవడికి లెక్కలు అప్పగించుకుంటూ చుట్టేది. చాటవంక చూసేదే కాదు.

మగవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మగ్గం ఆగి ఒకడు తాగుడులో పడితే వాడి గుణం అంటాం. వీధిలో షెడ్లన్నీ వారంలో మూడు రోజులు మూతపడితే, ఇరవై మంది తాగితే, అప్పుడు నూలు ధర, కరెంటు బిల్లు, మార్కెట్టు అన్నీ చూడాల్సి వస్తుంది. 1959లో రైట్ మిల్స్ అనే అమెరికన్ ఈ తేడా చూపించాడు. సొంత కష్టం వేరు, అందరి సమస్య వేరు అన్నాడు. మంచి మాటే, కానీ మాకు పూర్తిగా సరిపోదు. అదే వీధిలో, అదే మూతపడ్డ షెడ్డులో పనిచేసి, చుక్క ముట్టనివాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకు ఆ తేడా ఎంతో తెలుసు.

చాటను ఒంటరిగా కింద పెట్టడం కష్టమైంది. కలిసి నడిచినప్పుడు మాత్రం ఆ చాటే పనికొచ్చింది. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. మా మేనత్తకు బడిలో స్కాలర్‌షిప్ వచ్చింది ఆ నిధి నుంచే. అంటే నానమ్మ బీడీలు చుట్టినందుకే ఆమె కూతురు చుట్టకుండా బయటపడింది. తర్వాత యూనియన్ వెనక నడిచిన ఆడవాళ్లకు అక్కల్‌కోట్ రోడ్డు వైపు కుంభారిలో 10,000 ఇళ్లు కట్టారు. ప్రధాని మన్మోహన్ సింగ్ 2006లో వచ్చి తాళాలిచ్చారు. ఎవరి గడపలో వాళ్లు కూచుని చేసే పని మనుషుల్ని విడదీస్తుందంటారు. ఇక్కడ అందరి గడపల్లో ఒకే చాట ఉండటమే కలిపింది.

మేనత్త బాల్వాడీ టీచరైంది. ఆమె తర్వాత మా వీధిలో చదువుతానన్న పిల్లల్ని ఒంట్లో బాగలేదా అని ఎవరూ అడగలేదు.

నానమ్మకు చిన్న పెన్షన్ వస్తుంది. ఏటా బతికే ఉన్నట్టు వేలిముద్ర వేయాలి. ఆకు, తంబాకు, దారంతో గీతలన్నీ అరిగిపోయాయి, పది వేళ్లలో ఒక్కటీ మెషీన్ పట్టుకోలేదు. కిందటిసారి కళ్లు చూపించి పని ముగించుకుని వచ్చాం.