మంద వెంట మూడు రాత్రులు

గుత్తి నుంచి పత్తికొండకు వెళ్ళే బస్సులో కూచుని, 13 కిలోమీటర్ల దూరం పోయాక కిటికీలోంచి చూడండి. ఎర్రగుడి దగ్గర, బండమీద బండ పేర్చినట్టుండే గుట్ట ఒకటి కనిపిస్తుంది. ఇప్పటికి సుమారు 2,270 ఏళ్ళ కిందట అశోక చక్రవర్తి ఆ బండలమీద తన ఆజ్ఞలు చెక్కించాడు. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. 1920ల చివరలో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు చూసి చెప్పేదాకా, ఆ గీతలు అశోకుడి మాటలని లోకానికి తెలియదు. వాటిలో ఒక శాసనం తమాషాగా ఉంటుంది. కొన్నిచోట్ల ఒక పంక్తి ఎడమనుంచి కుడికి పోతే, తరవాతి పంక్తి కుడినుంచి ఎడమకు తిరిగి వస్తుంది. రైతు మడక దున్నుతూ, చేను చివర ఎద్దులను మళ్ళించుకుని వచ్చినట్టే!

ఆ గుట్టమీదే ఉన్న మరొక శాసనంలో, బాటల వెంట బావులు తవ్వించాననీ, చెట్లు నాటించాననీ అశోకుడు చెప్పుకున్నాడు. ఎవరికోసం? పశువులకోసమూ, మనుషులకోసమూ అని స్పష్టంగా ఉంది. వైద్యం కూడా ఇద్దరికీ ఏర్పాటు చేశాడు. నేను ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి. "అశోకుడు చెట్లు నాటించెను, బావులు తవ్వించెను" అని ఎన్ని వందలమంది పిల్లలచేత వల్లె వేయించానో లెక్కలేదు. కాని పశువుల మాట ఏనాడూ చెప్పలేదు. ఆ మాట ఎంత అవసరమైనదో నాకు పోయిన సంక్రాంతి సెలవుల్లో, జొన్నగిరి పొలాల్లో తెలిసివచ్చింది.

జొన్నగిరి ఎర్రగుడికి దగ్గరే ఉన్న ఊరు; కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోది. అశోకుడి కాలంలో దక్షిణ దేశానికి రాజధానిగా ఉండిన సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారులు అంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. తొలకరి వానలు పడగానే ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, చెట్లకింద కాపురముండి, ఎర్రనేలలో వజ్రాలకోసం వెతుకుతారు. వాళ్ళ సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. నేను వెళ్ళినప్పుడు మాత్రం జనవరి నెల. వజ్రాలవాళ్ళు లేరు. ఒక చేలో నాలుగువందల గొర్రెలూ, అయిదు కుక్కలూ, నలుగురు మనుషులూ ఉన్నారు. ఆ నలుగురిలో ఒకడు నా పాత విద్యార్థి.

"అయ్యవారూ, బాగుండారా? మీరు రిజిస్టరులో నా పేరు కొట్టేసినారు, గ్యాపకముందా?" అని అడిగాడు నవ్వుతూ.

నాకు బాగా జ్ఞాపకం ఉంది. ఆరో తరగతిలో ఉండగా ఏటా సంక్రాంతి దాటగానే బడికి రాకుండాపోయేవాడు. రెండేళ్ళు చూసి, పేరు కొట్టేశాను. ఎక్కడికి పోతున్నాడో ఒక్కసారీ అడగలేదు. ఇన్నేళ్ళ తరవాత అప్పుడు అడిగాను.

"ఎమ్మిగనూరు కాలవకింద మేతకు. మీరూ రాండి, చూద్దురుగాని" అన్నాడు.

నేను వాళ్ళతో ఎమ్మిగనూరుదాకా నడవలేను కాని, పత్తికొండ దగ్గరిదాకా మూడు రోజులు నడిచాను. అతని కొడుకు పదో తరగతి చదువుతున్నాడు. సెలవులు కనక హాస్టలునుంచి మంద దగ్గరికే వచ్చాడు. ఆ కుటుంబానికి ఆ ఏడు పండగ చేలోనే. జొన్నరొట్టెలు, నువ్వులపొడి, బెల్లం. ఇంతకన్న రుచిగల పండగ భోజనం నేను చాలాకాలంగా చెయ్యలేదు.

మన కర్నూలు జిల్లా పడమటి వైపు వాన తక్కువ. కురువలూ, గొల్లలూ పంటలు కోసి, ఊరిచుట్టూ గడ్డి ఎండిపోగానే, మందలను తోలుకుని నీళ్ళున్న వైపు బయలుదేరుతారు. పత్తికొండ, ఆస్పరి, ఆదోని దాటితే ఎమ్మిగనూరు వస్తుంది. అక్కడ తుంగభద్ర దిగువకాలవ ఉంది. రోజుకు ఆరేడు కిలోమీటర్లకంటే నడవరు. మంద మేస్తూ పోవాలిగా! దారిలో మేత దొరికే చేలు రెండు రకాలు. ఒకటి, ధర పడిపోయి కొయ్యకుండా వదిలేసిన టమేటా చేను. రెండోది, చివరి తీత అయిపోయిన పత్తిచేను. అయితే చేను కనిపించగానే మందను దింపరు. నా విద్యార్థి ప్రతి రైతుకూ ముందే సెల్‌ఫోనులో, "అన్నా, మందు కొట్టి ఎన్నాళ్ళయింది?" అని అడిగేవాడు. ఒకచోట రైతు తడుముకున్నాడు. వెంటనే మందను పక్కకు మళ్ళించి, ఆ పూట పొదల్లోనే మేపారు. పురుగులమందు చల్లిన ఆకు తింటే, పొద్దున్నకల్లా పదుల కొద్దీ గొర్రెలు చచ్చిపోవచ్చు.

చీకటి పడేవేళకు ఒప్పుకున్న రైతు చేలో మంద కడతారు. కర్రలు పాతి, చుట్టూ వల బిగించి, గొర్రెలను లోపలికి తోలుతారు. తెల్లవారేసరికి ఆ నేలంతా పెంటికలతో, మూత్రంతో నిండి ఉంటుంది. గొర్రె ఎరువులో నత్రజని పశువుల పేడలోకంటే ఎక్కువ. పైగా పేడ మోసుకొచ్చేటప్పుడు దారిలో పోయే మూత్రం, మందకడితే తిన్నగా నేలలోకే ఇంకుతుంది. అందుకని రైతు తలల లెక్కన గింజలో, డబ్బో ఇస్తాడు. మరునాడు వల పక్క మడికి మారుతుంది.

ఇక కుక్కల సంగతి. వీటికి గొప్ప జాతిపేరేమీ లేదు, మన ఊరకుక్కలే. విదేశాలలో కాలీ అనే కుక్క గొర్రెలను అదిలించి తోలుతుంది. ఇవి తోలవు, కాస్తాయి. పగలు చెట్టుకింద సోమరిపోతుల్లా పడి నిద్రపోతాయి. పొద్దుగూకాక ఒక్కొక్కటే లేచి, ఒళ్ళు విరుచుకుని, మందకు నాలుగుపక్కలా తలా ఒకచోట కూచుంటాయి. ఎవరు నేర్పారని అడిగాను. "ఎవరూ నేర్పలేదు సార్, పిల్లప్పుడే మందలో యేసినాం" అన్నాడు కుర్రవాడు. అతను చెప్పింది శాస్త్రానికి సరిపోయింది. పుట్టిన మూడో వారంనుంచి పన్నెండో వారందాకా కుక్కపిల్ల ఎవరిమధ్య పెరిగితే వాళ్ళనే తనవాళ్ళనుకుంటుంది. గొర్రెపిల్లల మధ్య పడుకున్న కుక్కపిల్లకు గొర్రెలే బంధువులు.

నేను మొదటిరోజు మందవైపు వస్తూంటే అయిదూ ఒక్కసారిగా మీదికి వచ్చాయి. "పరిగెత్తొద్దు సార్, నిలబడి మమ్మల్ని పిలవండి!" అని కుర్రవాడు కేకపెట్టాడు. నిలబడిపోయాను. నల్లటిది ఒకటి, దాని పేరు నల్లోడు, నా చెప్పులు వాసనచూసి వెళ్ళిపోయింది. మీరూ ఈ మాట మరిచిపోకండి. ఒకవేళ కరిస్తే, గాయాన్ని సబ్బుపెట్టి పదిహేను నిమిషాలు ధారగా కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పిచ్చికుక్క వ్యాధికి 1885లో పాశ్చర్ టీకా వేసి ఒక కుర్రవాణ్ణి బతికించినప్పటినుంచీ మందు ఉంది కాని, వ్యాధి ముదిరాక ఏ మందూ పనిచెయ్యదు. ఈ అయిదు కుక్కలకూ పశువుల ఆసుపత్రిలో ఏటా టీకా వేయిస్తారు.

రెండో రోజు సాయంత్రం లారీలు తిరిగే తారురోడ్డు దాటవలసివచ్చింది. ముందొకరు, వెనకొకరు చేతులెత్తి నిలబడ్డారు. దాటేసరికి అందరికీ ముచ్చెమటలు పోశాయి. చీకటి పడుతుండగా వల బిగించారు. నేను లెక్కల మాస్టరునని తెలుసు కనక లెక్క నాకే అప్పగించారు. ఒకసారి 412 వచ్చింది, ఇంకోసారి 407. నా విద్యార్థి అసలు లెక్కపెట్టలేదు. వల చుట్టూ ఒకసారి తిరిగి, "తెల్లచెవిది లేదు" అన్నాడు. మరుక్షణం కుర్రవాడు, "నల్లోడూ లేడు నాయనా!" అన్నాడు.

తెల్లచెవిది నిండు చూలు గొర్రె. నల్లోడు రోడ్డు దాటేటప్పుడు లారీ కింద పడ్డాడేమోనని కుర్రవాడికి భయం పట్టుకుంది. రొట్టె ముట్టలేదు. ఇద్దరు మంద దగ్గర ఉండిపోగా, తండ్రీ కొడుకూ టార్చిలైటు తీసుకుని వెనక్కి బయలుదేరారు. నేనూ వెంట వెళ్ళాను. చలి. రోడ్డుమీద ఏమీ లేదు, రక్తపు మరకా లేదు. దాటి, వంకలోకి దిగాం. టార్చి వేస్తూ పోతుంటే ఒక తుమ్మపొద కింద పచ్చగా రెండు కళ్ళు మెరిశాయి. పక్కనే ఇంకో రెండు. వాటికి ఇరవై అడుగుల అవతల, గట్టుమీద, మరో రెండు.

కుక్క, గొర్రె, తోడేలు వంటి జంతువుల కంటిలో, చూపు పొర వెనక, అద్దంలాంటి ఇంకొక పొర ఉంటుంది. అది పడిన వెలుగును తిరిగి పంపుతుంది. చీకట్లో వాటికి బాగా కనిపించేది అందువల్లే. మన కంటిలో ఆ పొర లేదు. ఈ సంగతి నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. కాని ఆ రాత్రి ఆ ఆరు కళ్ళలో ఏవి ఎవరివో చెప్పలేకపోయాను. నా విద్యార్థి కర్ర పైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు. గట్టుమీది కళ్ళు ఆరిపోయాయి.

"తోడేలు" అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు.

పొద కింద తెల్లచెవిది నిలబడి ఉంది. దాని కాళ్ళమధ్య తడి ఆరని పిల్ల. నల్లోడు వాటికి ముందు కూచుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తోక ఆడించాడేగాని, చోటు కదలలేదు. కుర్రవాడు పిల్లను గొంగడిలో చుట్టి భుజాన వేసుకుని, తల్లి వెంట నడిచాకనే లేచాడు. అప్పుడు చూశాం, ముందుకాలు కుంటుతున్నాడు. తుమ్మముల్లు లోతుగా దిగింది. వాపు చూస్తే అది ఎప్పుడో మధ్యాహ్నం గుచ్చుకున్నదని తెలిసింది.

మరునాడు ఎండ మండిపోయింది. రోడ్డు వెడల్పు చేసినచోట పాత చెట్లు లేవు. కుంటుతున్న నల్లోడికి నీడా లేదు, నీళ్ళూ లేవు. పాలపిల్లను గొంగడిలో, కుక్కను సామాను తెచ్చే మోపెడ్ మీద ఎక్కించుకుని పోయారు. మధ్యాహ్నానికి ఒక ఊరి బయట, బోరు పక్కన ఎవరో పుణ్యాత్ముడు కట్టించిన రాతితొట్టి కనిపించింది. వేపచెట్టు కూడా ఉంది. గొర్రెలు, కుక్కలు, మేము, వరసగా అక్కడే నీళ్ళు తాగాం. ఎర్రగుడి బండమీది మాటకు అర్థం నాకు అక్కడ పూర్తిగా బోధపడింది. పత్తికొండలో పశువుల డాక్టరు ముల్లు తీసి, కట్టు కట్టాడు. నేను అక్కడే బస్సెక్కాను.

మార్చి నెలలో పనిమీద ఆదోని వెళ్ళినవాణ్ణి, ఎమ్మిగనూరుకు పోయి, అడుగుతూ అడుగుతూ ఆ మందను కనుక్కున్నాను. కాలవకింద కోసిన వరిచేలో ఉన్నారు. కుర్రవాడు లేడు, పదో తరగతి పరీక్షలు రాస్తున్నాడు. "రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు అయ్యవారూ. నన్ను అడగడు. పిల్ల ఎంత అయింది, నల్లోడి కాలు ఎట్లుంది, అంతే" అన్నాడు తండ్రి.

నేను గట్టు దిగేసరికి అయిదు కుక్కలూ మీదికి వచ్చాయి. నిలబడిపోయాను. నల్లోడు దగ్గరికొచ్చి, నా చెప్పులు వాసనచూసి, వెనక్కి పోయి, తెల్లచెవిది పిల్లకు పాలిస్తున్నచోట నీడలో పడుకున్నాడు.