ముద్ర లేని గాజుకు జాతకం

అడుగున ముద్ర లేదు, పేరు లేదు, సంవత్సరం అసలే లేదు. అయినా తెలిసినవాళ్లు కట్‌గ్లాస్ గిన్నెను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి దాని జాతకం చెప్పేస్తారు! ఇలాంటి విద్య ఒకటుందని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేం? ఇప్పుడు ఎవరింటికెళ్లినా షోకేసు దగ్గరే ఆగిపోతున్నాను.

మొదట బరువు. సీసం కలిపిన గాజు కంటికి కనిపించేదానికన్నా ఎక్కువ తూగుతుంది. పల్చటి గ్లాసైతే, గోటితో మీటగానే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. ఆపైన వేలితో తడమాలి. చక్రం మీద కోసిన నగిషీ అంచులు చురుక్కుమంటాయి. అచ్చులో నొక్కి తీసినవి మొద్దుగా ఉంటాయి, చాలాసార్లు అతుకు గీత కూడా దొరికిపోతుంది. గిన్నెంతా అలా యంత్రంతో నొక్కడం అమెరికాలో 1820లలో మొదలైంది కాబట్టి, అలా నొక్కిన గిన్నె అంతకంటే పాతది కాదు.

నాకు మతిపోయింది మాత్రం పన్ను సంగతి విన్నాకే. 1745లో బ్రిటన్ గాజు మీద బరువు లెక్కన పన్ను వేసింది. లోతుగా కోయాలంటే మందం కావాలి, మందమంటే పన్ను! అందుకే ఇంగ్లిష్ గాజు పల్చబడింది, కోతలూ లోతు తగ్గాయి. ఐర్లండ్‌కు 1780లో వ్యాపార స్వేచ్ఛ దొరికింది, 1783లో పెన్‌రోజ్ కుటుంబం వాళ్లు అక్కడి వాటర్‌ఫర్డ్‌లో కార్ఖానా తెరిచారు. ఆ పన్ను అక్కడికి 1825లో గానీ రాలేదు, కాబట్టి అక్కడ మందంగా చేసి లోతుగా కోయగలిగారు. ఒక చట్టం గిన్నె గోడ మందంలో దాక్కుని ఉందంటే ఒళ్లు పులకరించదా! అలాగని లోతైన కోత కనబడగానే వాటర్‌ఫర్డ్ అనేయకూడదు. నగిషీలూ సముద్రం దాటేవి, పనివాళ్లూ దాటేవారు. అమ్మేవాళ్లు ఆ పేరు చెప్పి ధర పెంచడం వేరే కథ.

ఇక ఏ పనికో కనుక్కోవడం మరీ సరదా. డంబెల్ ఆకారపు చిన్న గాజు కడ్డీ ఉందనుకోండి, అది భోజనాల బల్ల మీద చాకు ఆనించుకోవడానికి, గుడ్డకు మరకంటకుండా. అంచున ఎదురెదురుగా రెండు గాడులున్న గిన్నె? అందులో నీళ్లు పోసి, వైన్ గ్లాసును బోర్లా ముంచి, కాడను గాడిలో ఆనించేవారు. గ్లాసు కడిగినట్టూ అయ్యేది, చల్లబడినట్టూ అయ్యేది. ఎంత దర్జా!

వయసు రుజువు కావాలంటే భూతద్దం పట్టుకుని అడుగు చూడాలి. ఏళ్ల తరబడి బల్ల మీద కదిలిన గీతలు తలా ఒక దిక్కుకు పోతాయి, అదీ బల్లకు ఆనే చోటే. గీతలన్నీ ఒకే వైపుకు బారులు తీరాయా, ఎవరో గరుకు కాగితంతో రుద్దినట్టే. ఈసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే యూరప్ గాజు ముందు నిలబడి, చీటీ చదవకుండా చెప్పి చూస్తాను. భూతద్దం ఇప్పటికే కొనేశాను.