ఆరు చుక్కలు, ఐదు గీతలు

మా ఇంట్లో పాత క్యాలెండర్ కాగితాలు పారెయ్యడం ఉండదు. అల్మరా అరల్లో పరచడానికి కొన్ని, వడియాలు ఆరాక పోసుకోడానికి కొన్ని. మిగిలినవి నావి. వెనకవైపు తెల్లగా, నున్నగా ఉంటాయి కదా! మధ్యాహ్నం అత్తయ్య నడుం వాల్చాక, గిన్నెలు తోమే ఆమె వచ్చేలోపు నాకో ముప్పావుగంట దొరుకుతుంది. ఆ టైములో వాటి మీద లెక్కలు చేసుకుంటాను. పాలవాడి లెక్కలు కాదండీ. ఉత్త లెక్కలు. ఎవరూ అడగనివి, మార్కులు రానివి.

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అదేమన్నా కుట్టుపనా, నలుగురికీ చూపించుకోడానికి? డిగ్రీలో లెక్కలు చదివాను. ఎమ్మెస్సీ చెయ్యాలనుకున్నాను. ఫైనలియర్ పరీక్షలు కాగానే పెళ్ళయింది. అంతే, అందులో పెద్ద కథేం లేదు. కానీ ఆఖరి రోజుల్లో మా లెక్కల మేడం బోర్డు మీద ఒక ప్రశ్న రాసి, "ఇది సిలబస్‌లో లేదు, సరదాకి చెయ్యండి" అన్నారు. అది నాతోపాటు తెనాలి కాపురానికి వచ్చేసింది.

ప్రశ్న ఇది. ఒక వృత్తం గియ్యండి. దాని మీద సమాన దూరాల్లో ఆరు చుక్కలు పెట్టండి. ఒక చుక్క నుంచి మిగతా ఐదింటికీ గీతలు గియ్యండి. వృత్తం వ్యాసార్ధాన్ని 1 అనుకుని ఆ ఐదు గీతల పొడవులూ గుణిస్తే ఎంతొస్తుంది? సరిగ్గా ఆరు. ఐదు చుక్కలైతే ఐదు. ఏడైతే ఏడు. వందైతే వంద! ఎందుకు?

మూడు, నాలుగు, ఆరు చుక్కల దాకా పైథాగరస్‌తో నెట్టుకొచ్చాను. ఏడు దగ్గర ఆగిపోయాను. పాప పుట్టింది, మామయ్య పోయారు, ఇల్లు మారాం. పాప ఏడో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం దాని గుట్టు దొరికింది. ఆ సాయంత్రం మా వారు వచ్చి, "ఏంటి ఇవాళ పాయసం చేశావు?" అన్నారు. "ఊరికే" అన్నాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

పాప ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. విజయవాడలో ఒక కాలేజీ హాస్టల్లో పెట్టాం. దసరా సెలవులని నాలుగు రోజులకి పంపించారు. వచ్చింది కానీ మనిషి రాలేదు. ఇష్టమని పూర్ణాలు చేస్తే ఒకటి తిని చెయ్యి కడుక్కుంది. అత్తయ్య జడ వేస్తూ, "జుట్టంతా ఏమైపోయిందే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. రెండో రోజు రాత్రి బ్యాగులోంచి వారం పరీక్ష పేపరు ఒకటి జారింది. సంకీర్ణ సంఖ్యలు. మార్కులు ఇక్కడ రాయను.

"లెక్కలు నావల్ల కాదమ్మా" అంది.

"ఏది, ఇలా ఇవ్వు చూద్దాం" అన్నాను.

"నీకేం తెలుసమ్మా ఇవన్నీ!"

కోపంగా అనలేదు. మామూలుగానే అంది. అందుకే గుచ్చుకుంది. పద్దెనిమిదేళ్ళుగా నన్ను గరిటెతోనే చూసిన పిల్ల, ఇంకేమంటుంది?

నేను మాట్లాడకుండా వెళ్ళి ఒక క్యాలెండర్ కాగితం, టిఫిన్ ప్లేటు, దాని కంపాస్ బాక్సు తెచ్చాను. ప్లేటు బోర్లించి చుట్టూ పెన్సిల్ తిప్పాను. కత్తిరించి రెండుసార్లు మడిస్తే మధ్య బిందువు దొరికింది. వ్యాసార్ధం కొలిస్తే సరిగ్గా 10 సెంటీమీటర్లు. కంపాసుని అంతే విప్పి చుట్టూ గుర్తులు పెడితే ఆరు చుక్కలు వచ్చాయి. "గీతలు కొలిచి పెట్టు, నా కళ్ళకి ఆనట్లేదు" అన్నాను. అదొక వంక.

10, 17.3, 20, 17.3, 10. వ్యాసార్ధాన్ని ఒకటి చేసుకుంటే 1, 1.73, 2, 1.73, 1. ఫోనులో గుణించింది. 5.99.

"ఆరు దగ్గర్లో ఉంది" అంది.

"నాలుగు చుక్కలు పెట్టి చూడు."

3.98. మూడు చుక్కలకి 2.99. నేనేం చెప్పకుండానే కోణమానిని తీసి, డెబ్బైరెండు డిగ్రీల చొప్పున ఐదు చుక్కలు పెట్టింది. 11.8, 19, 19, 11.8. గుణిస్తే 5.03. నా మొహంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత చూసింది.

"ఎందుకలా?"

"నువ్వు చెప్పు. ఆ పేపర్లో ఉన్నదే ఇది."

కాంప్లెక్స్ నంబర్లంటే భయపడతాం కానీ, వాటికి బొమ్మ గీసినవాడు పెద్ద ప్రొఫెసరేం కాదు. కాస్పర్ వెసెల్ అని భూములు కొలిచే సర్వేయరు. 1797లో డెన్మార్క్ అకాడమీకి వ్యాసం సమర్పించాడు, 1799లో అచ్చయింది. డేనిష్ భాషలో ఉండటంతో దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన చెప్పింది ఏమిటంటే, ఈ సంఖ్యలు కాగితం మీద చుక్కలు, వాటిని గుణించడమంటే తిప్పడం, సాగదీయడం. "ఐ"తో గుణిస్తే చుక్క తొంభై డిగ్రీలు తిరుగుతుంది. రెండుసార్లు తిప్పితే వెనక్కి చూస్తుంది. అదే మైనస్ ఒకటి. ఇది చెప్తే పాప, "మాకు సూత్రం రాయించారు కానీ తిరుగుతుందని చెప్పలేదు" అంది.

వృత్తం మధ్యలో సున్నా, మొదటి చుక్క 1 అనుకోమన్నాను. "మరి మిగతా చుక్కలు?"

కాసేపు చూసి, "ఎక్స్ పవర్ 6 మైనస్ 1 ఈక్వల్ టు సున్నా. దాని మూలాలు ఇవే కదా!" అంది. ఏ చుక్కని ఆరుసార్లు గుణించినా తిరిగి తిరిగి 1 దగ్గరికే వస్తుంది. డీమోయర్ సిద్ధాంతం. పరీక్షలో తప్పు రాసింది దీన్నే.

ఆ తర్వాత ఆగిపోయింది. పదిన్నర అయింది. లోపల్నుంచి అత్తయ్య, "ఇంకా పడుకోలేదా, ఆ లెక్కలేంటే రాత్రిపూట!" అన్నారు. నాకు జవాబు నోటిదాకా వచ్చింది. నాలుగు మాటల్లో చెప్పెయ్యచ్చు. ఆపుకున్నాను. లేచి పాలు కాచాను. పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. నిజం చెప్పాలంటే అంత కష్టమైన పని ఈమధ్య నేను చెయ్యలేదు.

గ్లాసు పట్టుకొచ్చేసరికి కాగితం మీద వంగి ఉంది. "గీత పొడవంటే 1 లోంచి ఆ మూలాన్ని తీసేస్తే వచ్చేదాని మాడ్యులస్. అన్నీ గుణించి మాడ్యులస్ తీసినా ఒకటే. బహుపదిని కారణాంకాలుగా రాస్తే ఎక్స్ మైనస్ ఒక్కో మూలం వస్తుంది కదమ్మా. ఎక్స్ బదులు 1 పెడితే చాలు! కానీ సున్నా వస్తోంది."

"ఎందుకొచ్చింది?"

"1 కూడా మూలమే కాబట్టి... దాని నుంచి దానికే దూరం సున్నా. ముందు ఎక్స్ మైనస్ 1తో భాగించెయ్యాలి!"

భాగించింది. ఎక్స్ పవర్ 5 ప్లస్ ఎక్స్ పవర్ 4 ప్లస్ ఎక్స్ క్యూబ్ ప్లస్ ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ ప్లస్ 1. ఎక్స్ బదులు 1 పెట్టింది. ఒకటి, ఒకటి, ఒకటి... ఆరు ఒకట్లు.

"ఆరు!" అని అరిచింది. "వందైతే వంద ఒకట్లు!" ముందుగదిలో మా వారు ఉలిక్కిపడి లేచారు.

నేను ఉత్సాహం పట్టలేక, "చూశావా, మనల్ని మనం కాస్త పక్కన పెట్టుకుంటే..." అని మొదలుపెట్టాను. "అమ్మా, దీన్ని నీతికథ చెయ్యకు ప్లీజ్" అంది. ఇద్దరం నోరు మూసుకుని నవ్వుకున్నాం.

నవ్వు అయ్యాక, పాలు తాగుతూ, మెల్లిగా చెప్పింది. "అక్కడ ఇంతసేపు ఎవరూ ఆగరమ్మా. నిమిషంలో రాకపోతే వదిలెయ్యమంటారు. పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా. నాకు నిద్ర పట్టట్లేదు. రెండుసార్లు చెప్పాను నీకు ఫోనులో."

చెప్పింది. నిజమే. రెండుసార్లూ నేను, "అందరూ చదవట్లేదా, ఆర్నెల్లు ఓర్చుకో" అన్నాను. ఏడు చుక్కల లెక్క కోసం పన్నెండేళ్ళు ఆగినదాన్ని, పిల్ల ఫోను చేస్తే రెండు నిమిషాలు ఆగి వినలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మా వారితో మాట్లాడాను. "సంవత్సరం ఫీజు కట్టేశాం కదా" అన్నారు. ఆయన తప్పు కాదు, అప్పు చేసి కట్టారు. నేను పాప పేపరూ, క్యాలెండర్ కాగితమూ రెండూ ముందు పెట్టి, "ఇది హాస్టల్లో రాసింది, ఇది రాత్రి రాసింది. చేతివ్రాత చూడండి చాలు" అన్నాను. చాలాసేపు చూశారు. తర్వాత ఆయనే విజయవాడలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశారు.

ఇప్పుడు పాప వాళ్ళ పిన్ని ఇంట్లో ఉండి అదే కాలేజీకి వెళ్ళొస్తోంది. హాస్టల్ డబ్బులు వెనక్కి రాలేదు, పోనివ్వండి. ర్యాంకు ఏమొస్తుందో నాకు తెలీదు. మార్కులు కొంచెం పెరిగాయి, కొంచెమే. నిద్రపోతోందని మాత్రం మా చెల్లెలు చెప్పింది. పూర్ణాలు నాలుగు తిందట.

ప్రతి ఆదివారం ఒక లెక్క పంపుకుంటున్నాం, ఒక వారం నేను, ఒక వారం తను. పోయినవారం తన వంతు. "అమ్మా, అవే గీతల పొడవుల్ని గుణించకుండా, ఒక్కోదాని వర్గం చేసి కూడి చూడు" అని పంపింది. ఆరు చుక్కలకి 1, 3, 4, 3, 1. మొత్తం పన్నెండు. నాలుగు చుక్కలకి ఎనిమిది. మూడింటికి ఆరు. ఎప్పుడూ చుక్కలకి రెట్టింపే!

ఎందుకో నాకు బుధవారానికి తెలిసింది. మీకు చెప్పను. ఒక ప్లేటు బోర్లించి మీరూ గీసి చూడండి. ఇంట్లో పిల్లలుంటే స్కేలు వాళ్ళ చేతికివ్వండి. పాలు మాత్రం కాస్త నెమ్మదిగా కాచండి.