జ్వరం లేదని ధీమా వద్దు

బేస్తవారిపేటలో ఒకనాటి ఉదయం ఓ అమ్మమ్మ తొమ్మిది రోజుల పసికందుతో వచ్చింది. "జరం లేదు సారూ, నిన్నటి నుంచి పాలు పట్టడం లేదు, అంతే" అంది. చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది, బొడ్డు చుట్టూ ఎరుపు. మొదటి ఇంజెక్షను చేసి, బిడ్డను తల్లి గుండెకు హత్తించి పెద్దాసుపత్రికి పంపాను. దక్కింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇలాంటి బిడ్డనే జ్వరం లేదు గదా అని ఇంటికి పంపాను. ఆ బిడ్డ దక్కలేదు. అందుకే ఇది వ్రాస్తున్నాను.

సూక్ష్మక్రిములతో శరీరం పోరాడుతోందనడానికి జ్వరం గుర్తు. పసిబిడ్డకు ఆ బలం చాలదు. క్రిములను మింగే తెల్లకణాల నిలువ త్వరగా అయిపోతుంది. కాలవలసిన ఒళ్ళు చల్లబడుతుంది. తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే బిడ్డకు చేరతాయి. నెలలు నిండకుండా పుడితే ఆ వాటా తక్కువే. పుట్టాక తోడుండేవి ముర్రుపాలు. వాటిని పిండి పారబోయకండి. బొడ్డుకు ఆముదం, బూడిద పూయకండి.

బిడ్డ పాలు మానినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, మగతగా ఉన్నా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. నెలలోపు బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం 2011 నుంచి ఉచితం. ఖర్చుకు జంకి ఆలస్యం చేయకండి.