పాట ఆపిన వాళ్లు

మొదటిసారి ఆ పాట విన్నప్పుడు నెట్ పోయిందనుకున్నాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో, మా పరగోడు చిత్రావతి డ్యామ్ కట్ట మీద కూర్చోనున్నాను. అక్కడ సిగ్నల్ ఒక చోట ఉంటే రెండడుగుల అవతల ఉండదు. మామ పంపిన పాట పెట్టుకున్నాను. బేస్ గిటారుతో మొదలైంది, డ్రమ్ములు, గిటారు వచ్చి కలిశాయి, ఊపు అందుకుంటుందనే లోపల మొత్తం నిలిచిపోయింది. ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పుతుంటే మళ్లీ మొదలైంది. ఆ పాట అంతేనంట. వాళ్లే ఆపి, వాళ్లే మళ్లీ అందుకుంటారు. పాట పేరు 'వెయిటింగ్ రూమ్', బ్యాండ్ పేరు ఫుగాజీ. అమెరికాలో వాషింగ్టన్ వాళ్లు.

ఇంటికొచ్చి పేరు చెబితే మా అవ్వ "గలీజా?" అనడిగింది. అంత తప్పేం కాదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సిపాయిలు, అంతా చెడి కూర్చున్న పరిస్థితికి వాడుకున్న మొరటు మాటంట అది. పాట వినిపిస్తే "ఎవరో తగవులాడుకుంటున్నట్లుంది మ్మే" అంది. అదీ తప్పు కాదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. అమ్మ వాళ్లది కన్నడం ఇల్లు, నాన్నది తెలుగిల్లు. మా ఇంట్లో తిట్లు కన్నడంలో, లెక్కలు తెలుగులో నడుస్తాయి. మామ బెంగళూరులో మైకుసెట్ల పని నేర్చుకొని, ఇప్పుడు సొంతంగా స్పీకర్లు, మిక్సర్ కొని పెళ్లిళ్లకూ జాతరలకూ ఇస్తున్నాడు. ఫుగాజీ సంగతి ఆయనకు అక్కడ ఒక కాలేజీ ఫెస్టులో గిటారు పిల్లోళ్ల దగ్గర తెలిసింది. ఆయన చెప్పేదంతా కన్నడంలోనే, నేను తెలుగులో రాస్తున్నాను.

వాళ్ల కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. 1980 ప్రాంతంలో వాషింగ్టన్‌లో హార్డ్‌కోర్ అనే పాటల గాలి వీచింది. చాలా వేగం, చాలా గట్టి, పాట నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది. ఇయన్ మెకాయ్ అనే అతను పద్దెనిమిదేళ్లకే మైనర్ థ్రెట్ అనే బ్యాండ్ పెట్టి ఆ పాటలు పాడాడు. జెఫ్ నెల్సన్ అనే స్నేహితుడితో కలిసి డిస్కార్డ్ అనే రికార్డుల కంపెనీ కూడా పెట్టుకున్నాడు. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా తమ ఊరి పిల్లల పాటలు తామే అచ్చేసుకోవడం దాని పని. అయితే ఆ పాటలకు వచ్చేవాళ్లు ఒకరినొకరు గుద్దుకోవడమే డాన్సు అనుకున్నారు. రాను రాను ముష్టియుద్ధాలు ఎక్కువయ్యాయి. ముందు వరసల్లో ఆడపిల్లలు కనపడకుండా పోయారు.

నాకు బాగా నచ్చిన ముక్క ఇక్కడ వస్తుంది. 1985లో ఎయిమీ పికరింగ్ అనే అమ్మాయి, తను పనిచేసే ఆఫీసులో కూర్చొని, పేరు పెట్టకుండా స్నేహితులకు చీటీలు పంపింది. ఈ వేసవి తిరుగుబాటు వేసవి, సిద్ధంగా ఉండండి అని వాటి సారాంశం. తిరుగుబాటు ఎవరి మీద? సర్కారు మీద ఎలాగూ ఉంది. దాంతోపాటు తమ పాటల్లో దూరిన ఈ కొట్లాటల మీద కూడా. ఆ వేసవిలోనే కొత్త బ్యాండ్లు వచ్చాయి. జోరు పాతదే, కానీ పాటలో ఊపిరి తీసుకోవడానికి చోటుంది, లోపలి మాట చెప్పుకోవడానికి వీలుంది. ఇట్లా హార్డ్‌కోర్ తర్వాత దాని కడుపులోంచే వచ్చిన పాటలను పోస్ట్ హార్డ్‌కోర్ అంటున్నారు. ఎయిమీ తర్వాత ఫైర్ పార్టీ అనే ఆడపిల్లల బ్యాండ్‌లో పాడింది.

ఫుగాజీ మొదటిసారి స్టేజీ ఎక్కింది 1987 సెప్టెంబరు 3న. మెకాయ్, బేస్ వాయించే జో లాలీ, డ్రమ్ములకు బ్రెండన్ కాంటీ. కొన్నాళ్లకు గై పిచోటో కూడా కలిశాడు. ఆ నలుగురే చివరిదాకా. 2002 నవంబరులో లండన్‌లో చివరిసారి వాయించేదాకా వెయ్యికి పైగా కచేరీలు చేశారు. 1990లో 'రిపీటర్', 2001లో 'ది ఆర్గ్యుమెంట్', మధ్యలో ఇంకా నాలుగు ఆల్బమ్‌లు. అవి అన్నీ నేను వినలేదు. రెండు విని ఒకదాన్ని సగంలో ఆపేశాను, నిజం చెబుతున్నా.

టికెట్ ఐదు డాలర్లు. ఎక్కడైనా దాదాపు అంతే. చిన్నపిల్లలను కూడా లోపలికి రానివ్వాలి. సొంత ఊళ్లో అయితే పార్కులో ఊరికే వాయించేవాళ్లు, లేదంటే ఏదో ఒక మంచి పనికి చందా కోసం. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం వద్దని వైట్ హౌస్ ఎదుట పార్కులో చలిలో వాయించారు.

మామకు ఈ ఐదు డాలర్ల మీదే ధ్యాస. "అంత తక్కువకు సౌండ్ వాడికి ఏమిస్తారు, హాలు వాడికి ఏమిస్తారు?" అని వారం రోజులు లెక్కలు వేశాడు. చివరికి ఆయనకే తట్టింది. వాళ్లకు మేనేజర్ లేడు, కచేరీలు మెకాయే ఫోన్ చేసి మాట్లాడుకునేవాడు. వ్యాను వాళ్లే నడుపుకుంటారు. టీషర్టులు అచ్చేసి అమ్మరు. అట్లా మిగిలిన డబ్బుతో బండి నడిచింది. 1993లో న్యూయార్క్‌లో అట్లాంటిక్ కంపెనీ పెద్ద అహ్మెత్ ఎర్తెగన్ స్వయంగా వచ్చి ఏం కావాలన్నా ఇస్తానన్నాడంట. వీళ్లు వద్దన్నారు. మామ ఈ మాట చెప్పినప్పుడల్లా తల అడ్డంగా ఊపుతాడు. మెచ్చుకోలో, జాలో నాకు ఇంకా తెలీదు.

నా ధ్యాస వేరే దాని మీద. జనంలో ఎవడైనా పక్కవాళ్లను గుద్దుతుంటే వీళ్లు పాట ఆపేసేవాళ్లు. మధ్యలోనే. పేరు పెట్టి కాకపోయినా వేలు పెట్టి చూపించి, ఆపుతావా లేదా అని మైకులోనే అడిగేవాళ్లు. వినకపోతే ఐదు డాలర్లు కవరులో పెట్టి చేతికిచ్చి బయటికి పంపేవాళ్లు. 1999లో వచ్చిన 'ఇన్‌స్ట్రుమెంట్' సినిమాలో ఒక చోట, గలాటా చేస్తున్న ఒకడితో గై అంటాడు, ఇందాక బయట బండి దగ్గర చిన్నపిల్లోడి మాదిరి ఐస్‌క్రీమ్ తింటూ నిన్ను చూశాలే, ఇక్కడ రౌడీ వేషం ఎవరికి అని. నేను ఆ ముక్క పదిసార్లు చూశాను.

ఎందుకంటే నాకు పదిహేనేళ్లప్పుడు మా అత్త వాళ్ల ఊరి జాతరలో ఆర్కెస్ట్రా పెట్టారు. మన వైపు ఆర్కెస్ట్రా ఎట్లుంటుందో మీకు తెలుసు. ఒక పాట తెలుగు, ఒక పాట కన్నడం, వరస తప్పితే కుర్చీలు లేస్తాయి. హరికథకైతే ఆడోళ్లకు ముందే చాపలు పరుస్తారు. ఆర్కెస్ట్రాకు మాత్రం ముందంతా మగపిల్లలు, ఆడోళ్లు మిద్దెల మీద. నాకు గిటారు వాయించే అతని వేళ్లు చూడాలని ఉండి ముందుకు పోయాను. తోపులాటలో ఎవడో నడుం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. తిరిగి చూస్తే పది మొహాలు, అన్నీ స్టేజీ వైపే చూస్తున్నాయి. పాట నడుస్తానే ఉంది. ఇంట్లో ఏమైందో చెప్పలేదు, ఏడుస్తున్నానని మాత్రం నాన్నకు తెలిసింది. "రేపట్నించి మిద్దె మీద నుంచే చూడమ్మా" అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. కానీ చెయ్యి వేసినవాడు ముందే నిలబడి మిగతా పాటలన్నీ చూశాడు కదా.

1988లో వచ్చిన ఫుగాజీ మొదటి రికార్డులో 'సజెషన్' అనే పాట ఉంది. వీధిలో నడుస్తున్న ఆడమనిషిని చూపులతోనూ చేతులతోనూ వేధించడం గురించి. దాన్ని ఆమె తరఫున, నేను అంటూ మెకాయ్ పాడతాడు. ఎయిమీతో మాట్లాడిన తర్వాతే ఆ పాట పుట్టిందంటారు. మొగవాడు ఆడదాని గొంతుతో పాడటమేంటని అప్పట్లో కొందరు తప్పుపట్టారు కూడా. మనకిది కొత్త కాదు. క్షేత్రయ్య పదాల పాఠం రోజు, మన క్లాసులో ఇదే తగవు పడి బెల్లు కొట్టినా ఆగలేదు. నేను ఆ రోజు క్షేత్రయ్య వైపే మాట్లాడాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. క్షేత్రయ్య నాయికకు తన మాటలు దొరికాయి, సరే. నాకు ఆ రోజు మాట దొరకలేదు, ఇంకెవరైనా నా బదులు అని ఉంటే వద్దనేదాన్నా? అన్నవాడు మొగవాడని ఊరుకోమనేదాన్నా? పాట కంటే పాట ఆపడమే నాకు ఎక్కువ ఉపయోగపడేది అనిపిస్తుంది.

ఇదంతా మామకు చెప్పాను. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి చెప్పింది ఆయనకే. ఆయన ఏమీ అనలేదు, కేబుల్ చుట్టుకుంటా ఉండిపోయాడు.

ఈ ఏడాది అదే జాతరకు మామ సెట్టే పెట్టారు. నేను, మా చిన్నాన్న కూతుళ్లు ఇద్దరూ మిద్దె ఎక్కకుండా ముందుకు పోయి నిలబడ్డాం. మూడో పాటకు తోపులాట మొదలైంది. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. నేను మామ వైపు తిరిగి చూశానంతే. మిక్సర్ మీద మీటలన్నీ కిందికి లాగేశాడు. పాడే అమ్మాయి పెదాలు ఆడుతున్నాయి, శబ్దం లేదు. జనం కరెంటు పోయిందనుకున్నారు. లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. మామ మైకు తీసుకొని ముందు కన్నడంలో, తర్వాత తనకొచ్చిన తెలుగులో చెప్పాడు. "ముందర ఆడపిల్లలున్నారు. తోసేది ఆపితేనే పాట."

ఈలలు, కేకలు. కమిటీ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. మామ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఐదు నిమిషాలు కాదు, రెండే ఉంటుందేమో, నాకు అంతసేపు అనిపించింది. కొందరు పిల్లలు పక్కకు జరిగారు. పాట మొదలైంది. మళ్లీ తోపులాట రాలేదని చెప్పను, వచ్చింది, కానీ మా చుట్టూ నిలబడే చోటు మిగిలింది.

తెల్లారి లెక్క చూసేటప్పుడు మామ డబ్బుల్లో రెండు వేలు కోశారు. వచ్చే ఏడాదికి వేరే సెట్టు మాట్లాడుకుంటామని కూడా చెప్పారంట. అమ్మకు చెప్పొద్దన్నాడు, ఇప్పుడు ఇక్కడ రాసేశాను కాబట్టి తెలిసిపోతుందేమో. నాకు బాధనిపించి, నా వల్లే కదా మామా అంటే, "వాళ్లు ఐదు డాలర్లు వెనక్కిచ్చారు కదా, నేను రెండు వేలిచ్చాననుకో" అని నవ్వాడు. నవ్వినంత తేలిక కాదని నాకు తెలుసు. ఆ స్పీకర్ల అప్పు ఇంకా తీరలేదు.

ఆ రాత్రి చివరి పాట కన్నడం. అది అయ్యేదాకా ముందే ఉన్నాం. అత్త వాళ్లింటికి పోయేసరికి నాన్న అరుగు మీద మేలుకొనే ఉన్నాడు.

"మిద్దె మీద కనపడలేదే" అన్నాడు.

"కింద ఉన్నాం నాన్నా."

ఆయన కాసేపు ఊరకుండి నా కాళ్ల వైపు చూశాడు. "ఇంకో చెప్పు ఏదమ్మా?"